అద్దానికి ఇవతల నిలబడితే

జెరూష సినిమాలకు స్టిల్ ఫోటోగ్రాఫర్. వారమంతా ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల స్టూడియోల్లో హీరోహీరోయిన్లను తీస్తుంది. కెమెరా ఎటుందో వాళ్ళకు నిద్రలో కూడా తెలుస్తుంది. అందుకే ఆదివారం చర్చి అయ్యాక, కెమెరా సంగతే పట్టని మనుషుల కోసం జూబ్లీ హిల్స్ రోడ్ల మీద నడుస్తుంది.

ఆ ఆదివారం ఒక చీరల దుకాణం ముందు ఆగింది. కొట్టు ఇంకా తెరవలేదు. అద్దం వెనక యాభై ఏళ్ళావిడ ఒకరు నోట్లో పిన్నులు పట్టుకుని బొమ్మకు కుచ్చిళ్ళు సర్దుతోంది. బొమ్మ పక్కకు ఒరిగితే నడుం మీద ఒక్కటి చరిచి నిలబెట్టింది. సరిగ్గా అప్పుడే జెరూష ఫోటో తీసింది.

లోపలున్నామె అది చూడనే చూసింది. వెనకదారిన చుట్టూ తిరిగి రోడ్డు మీదికి వచ్చేసింది.

“నన్ను అడగకుండ ఎట్ల తీస్తవ్ బిడ్డా?”

జెరూష తప్పు ఒప్పుకుంది. ముందే అడిగితే మనుషులు మారిపోతారని, అందుకే తీశాక చూపిస్తానని, వద్దంటే చెరిపేస్తానని చెప్పి కెమెరా ఆమె చేతికిచ్చింది.

ఆమె పేరు లీలాకుమారి. ఉండేది బోరబండ. పదకొండేళ్ళుగా ఆ కొట్లో బొమ్మలకు చీరలు కట్టేది ఆమే. ఫోటోలో తనను చూసుకోలేదు, బొమ్మలనే చూసింది. తలెత్తి అద్దం వైపు, మళ్ళీ ఫోటో వైపు చూసింది.

“నడిమి బొమ్మ కనవడ్తనే లేదేంది?”

ఎదుటి మేడ అద్దంలో ప్రతిఫలించి మధ్య బొమ్మను మింగేస్తోంది. వెనకదారినే వచ్చిపోయే లీలాకుమారి తన పనితనాన్ని ఇటునుంచి ఏనాడూ నిలబడి చూసుకోలేదట. మేలైన చీరలన్నీ ఇన్నేళ్ళూ ఆ బొమ్మకే కట్టానని తల పట్టుకుంది. అంతలోనే ఆమెకే నవ్వొచ్చింది. జెరూషను అక్కడే నిలబడి చూడమని చెప్పి, లోపలికి పోయి బొమ్మలు జరపసాగింది.

ఏ బొమ్మ ఎటు జరపాలో జెరూష చేతులు నొప్పెట్టేదాకా సైగలు చేసింది. పక్క హోటల్ ముందు కారులో యజమాని కోసం కాచుకున్న డ్రైవర్ సుబ్బరామయ్య ఇదంతా చూసి దిగివచ్చాడు.

“మీరు తప్పుకోండమ్మా, కార్లు రివర్స్ చేయించడం నాకు అలవాటే” అని సైగలు తనే అందుకున్నాడు. ఆవపువ్వు రంగు చీరను ముందుకు తెమ్మన్నాడు. లీలాకుమారి లోపలినుంచే తల అడ్డంగా ఊపింది. ఆయన పట్టు వదల్లేదు. చివరికి ఆమె మూతి ముడుచుకుని, బొమ్మను చంటిపిల్లలా చంకనేసుకుని ముందుకు నడిచింది. అద్దంలో రెండు చేతులూ పైకెత్తిన సుబ్బరామయ్య ఆమె పక్కనే కనిపించాడు. జెరూషకు అప్పుడు గుర్తొచ్చింది కెమెరా. ఒకే ఒక్క ఫోటో తీసింది.

వచ్చే నెల తన ఫోటోల ప్రదర్శనలో దాన్ని పెట్టుకోవచ్చా అని ఇద్దరినీ అడిగింది. సుబ్బరామయ్య తల దువ్వుకుని మళ్ళీ తీయమన్నాడు, తర్వాత ఆ ఫోటోకే సరేనన్నాడు. లీలాకుమారి ఆలోచించింది.

“పెట్టుకో. కింద నా పేరు గూడ రాయి. చీరలు కట్టింది నేను గద.”

జెరూష రాసింది. ప్రదర్శన మొదటిరోజు లీలాకుమారి సెలవు పెట్టి వచ్చి, చూడవచ్చిన వాళ్ళందరికీ ఏ చీర ఏ ఊరి నేతో చెబుతూ మధ్యాహ్నం దాకా ఆ ఫోటో దగ్గరే ఉంది.