ఖాళీ గడులు

ఆ పొద్దున తూర్పున తెల్లారినా, పడమటి నుంచి నల్లమబ్బు లేస్తూ ఉంది. మిరపకాయలు ఆరబోసినవాళ్ల కళ్లన్నీ దాని మీదే. పాట నేర్పే యేసుదానం చూపు మాత్రం ఎదురుగా నిలబడ్డ పాటవాళ్ల మీద ఉంది. మర్నాడే కొత్త చర్చి ప్రతిష్ఠ. ఆ రోజు నాలుగు గొంతుల పాట పాడిస్తానని సంఘం ముందు మాటిచ్చాడు. ఆ ఊళ్లో ఇంతవరకు అందరూ ఒకే గొంతుతో పాడినవాళ్లే.

స్వరాలు అచ్చేసిన పుస్తకం ఒక్కటే ఉంది. పేజీలో ఒకదాని కింద ఒకటి నాలుగు గొంతుల వరుసలు. ఖమ్మంలో కంప్యూటర్ చదువుతున్న కూతురు జెస్సికా ఆ పేజీలు స్కాన్ చేయించి, ఏ గొంతు వరుసను ఆ గొంతుకు దానంతటదే కత్తిరించి పేర్చే ప్రోగ్రాం రాసింది. మిరప ఏరే రోజులు కావడంతో ఎవరి కాగితం వాళ్లు పట్టుకుని ఎవరి గూడెంలో వాళ్లు నేర్చుకున్నారు. కలిసి పాడటం ఇదే మొదలు.

పాట ఎత్తుకున్నారు. ఆడవాళ్లు ఇంకా సగంలో ఉండగానే బేస్ అనే కింది గొంతు పాడే మగవాళ్లు ఆమెన్ చెప్పి ఊరుకున్నారు.

"ఏంది బావా, అన్నానికి పిలిచిన్రా ఏంది?" అంది యేసుదానం చెల్లెలు జోజమ్మ.

"మా కాగితం అయిపోయె! ఆడోళ్లకే ఆపుడు తెల్వదు" అన్నాడు షాలేమ్‌రాజు. యేసుదానానికి బావమరిది.

యేసుదానం అతని చేతిలో కాగితం తీసుకుని పుస్తకం పక్కన పెట్టాడు. పుస్తకంలో మగవాళ్లు పాడకుండా ఆగాల్సిన చోట స్వరాల చుక్కలు లేని ఖాళీ గడులున్నాయి. కాగితంలో ఒక్కటీ లేదు.

"ఈడ ఖాళీ గడులేవి బిడ్డా?"

జెస్సికా కాగితం అందుకుని చూసింది. "సుక్కల్లేని గడి దండగని తీసెయ్యమని నేనే రాసిన నాయినా. ఒక్క కాగితంల పట్టాలని."

"పోనీ అన్నా, ఎప్పటి లెక్కనే పాడుదాం" అంది జోజమ్మ.

"మాటిచ్చిన" అన్నాడు యేసుదానం. "నడువ్ బిడ్డా."

షాలేమ్‌రాజు బండి తీసుకుని తండ్రీకూతుళ్లు మండల కేంద్రం ఏన్కూరు వెళ్లేసరికి జిరాక్సు షాపులో కరెంటు లేదు.

"ఎప్పుడొస్తదో ఏమో. రేపు రాండ్రి" అన్నాడు షాపు బాలకృష్ణ.

"రేపు పాట. వచ్చేదాంక కూసుంటం" అంది జెస్సికా.

బల్ల మీద కూర్చుని, ప్రోగ్రాంలో మార్చాల్సిన వరుసలు అరచేతిలో పెన్నుతో రాసుకుంది. యేసుదానం అన్నానికి పోదామనలేదు, ఆమె లేవలేదు. మధ్యాహ్నం దాటాక ఫ్యాను తిరిగింది. షాపు కంప్యూటర్లో ప్రోగ్రాం దిద్ది మళ్లీ నడిపించింది. ఆయన పుస్తకంలో ఒక్కో గడి మీద వేలు పెడుతుంటే, ఆమె తెర మీద అదే గడి చూపించింది. అచ్చయిన కాగితాలను కవరులో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని చినుకుల్లోనే తిరిగొచ్చారు.

మిరపకాయల మీద పట్టాలు కప్పి అందరూ చర్చి దగ్గరకు చేరారు. పాట మొదలైంది. ఖాళీ గడులు రాగానే యేసుదానం మగవాళ్లకేసి అరచెయ్యి అడ్డం పెట్టాడు. షాలేమ్‌రాజు పెదాలు బిగబట్టి, వేళ్లతో తొడ మీద తాళం వేసుకుంటూ ఆగాడు. చెయ్యి దిగింది. బేస్ అందుకుంది. చివరి ఆమెన్ నాలుగు గొంతుల్లోనూ ఒక్కసారే ముగిసింది.

జోజమ్మ వెళ్లి అన్నం, ఎండుచేపల పులుసు తెచ్చింది. జెస్సికా విస్తర్లు వేసింది. అందరూ ఒకే వరుసలో కూర్చుని తిన్నారు.