తలుపు దాటని మాట

ఫ్యాక్టరీలో పొద్దున్నే గడ్డి ముక్కలు ఆవిరిలో ఉడికి పెద్ద టాంకులోకి దిగుతాయి. ఆమె కొలత చూసి ఎంజైమ్ వదులుతుంది. ఎంత మొండి పీచైనా ఎల్లుండికల్లా కరిగి తియ్యటి నీళ్ళవుతుంది. ఆ నీళ్ళు పక్క టాంకులో పులిస్తే బళ్ళు నడిచే ఇంధనం తయారు.

ఏళ్ళ తరబడి అదే పని చేసి చేసి ఆ ఎంజైమ్ ఆమె చేతులకు పట్టేసింది. మామూలప్పుడు ఏమీ కాదు. కోపమొచ్చినప్పుడు చెక్కను ముట్టుకుంటే మాత్రం అది పాకమైపోతుంది. ఇంట్లో మంచం ఇనుపది, కుర్చీలు ప్లాస్టిక్‌వి. "మొగుడితో గొడవైతే చెక్క బీరువా పక్కన నిలబడకే తల్లీ," అని అత్తగారు ముందే చెప్పేస్తుంది. ఫ్యాక్టరీలో ఆమెకు స్టీలు స్టూలు వేశారు. మేనేజరు గదికి మాత్రం టేకు తలుపు. అంత గొప్పోడి గదికి ఇనుప తలుపేంటి, నామోషీ కాదూ!

ఆ మహానుభావుడే ఆమె తమ్ముణ్ణి పులిసే టాంకులోకి దింపాడు, అడుగున మడ్డి తీయమని. లోపల గాలి ఉందో లేదో చూశారా అని అడిగితే, "భయమైతే ఇంటికి పో," అన్నాడట. తమ్ముడు లోపలే పడిపోయాడు. తోటివాళ్ళు తాళ్ళు కట్టి పైకి లాగారు. ఆస్పత్రి నుంచి వచ్చాడు గానీ దగ్గు వదల్లేదు. ఇప్పుడేమో వాడంతట వాడే దిగాడని మేనేజరు ఊరంతా టముకేస్తున్నాడు. విచారణలో అదే ఖాయమైతే తమ్ముడికి ఉద్యోగమూ పోతుంది, వైద్యమూ ఆగిపోతుంది.

విచారణకొచ్చిన ఆఫీసరును మేనేజరు గది ముందు వరండాలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఈలోగా మేనేజరు తమ్ముణ్ణి గదిలోకి పిలిచి తలుపేసుకున్నాడు. ఆమె ఆ తలుపు ముందే నిలబడింది, చేతులు చంకల్లో దోపుకుని.

"శాంతించు అక్కా," అన్నాడు సూపర్‌వైజరు.

"ఎవరికోసం శాంతించమంటావ్? నా తమ్ముడి కోసమా, ఈ తలుపు కోసమా?"

లోపల్నుంచి దగ్గు వినిపించింది. ఎంతకీ ఆగడం లేదు. గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కు కూడా లేదు లోపల! ఆమెకు ఒళ్ళు మండిపోయింది. రెండు అరచేతులూ తలుపుకు ఆనించింది.

టేకు కదా, కాస్త మొండికేసింది. ముందు గడియ చుట్టూ మెత్తబడి, తర్వాత నిలువునా జారిపోయింది. పాకం గుమ్మం దాటి వరండాలోకి పారింది. మేనేజరు ఇటు వీపు పెట్టి, కిటికీలోంచి బయటకు చూస్తూ మాట్లాడుతూనే ఉన్నాడు.

"దిగమన్నది నేనే, కాదన్నానా? గాలి కూడా చూళ్ళేదు. అయితే ఏంట్రా? ఆ మాట ఈ తలుపు దాటదు. నీ అంతట నువ్వే దిగానని చెప్పు. లేదంటే..."

తలుపు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆఫీసరు టీ కప్పు పక్కన పెట్టి, బూట్లకు పాకం అంటకుండా కాళ్ళు పైకి తీసుకున్నాడు.

"లేదంటే ఏం చేస్తారు? చెప్పండి, వింటున్నాను," అన్నాడు.

మేనేజరు ఇటు తిరిగాడు.

ఆమె పాకం తొక్కుకుంటూ లోపలికెళ్ళి తమ్ముడి భుజం పట్టుకుంది.

"లేరా, నీళ్ళు తాగుదువుగాని," అంది. పోతూ పోతూ మేనేజరు టేకు టేబులు మీద కూడా ఓ చెయ్యి వేసింది.