కొలిమిలో తలుపు చప్పుడు

సెన్సర్ బిళ్ళలు కాల్చే కొలిమి దగ్గర ఆవిడకు పదకొండేళ్ళ ఉద్యోగం. అందరికీ కొలిమి వదినే. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇన్నేళ్ళలో ఏ బిళ్ళ కోసమూ ఆవిడ ప్రాణం ఇంతగా కొట్టుకోలేదు.

కొట్టుకోదూ మరి! ఆమె భర్త కరెంటు తయారుచేసే చోట ఆవిరి గొట్టాలకు కాపలా. గొట్టంలో తేడా వస్తే అది అదురుతుంది. దానికి బిగించిన బిళ్ళ ఆ అదురును కరెంటుగా మార్చి కబురు పెడుతుంది. పాత రకం బిళ్ళ వేడికి చెవిటిదైపోయింది. కబురు రాలేదు, గొట్టం పగిలింది, ఆయన కుడిచెయ్యి కాలింది. ఆ బిళ్ళను కాల్చింది ఈవిడే. మూడు నెలలుగా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. డ్యూటీ నుంచి వచ్చి తలుపు తట్టే చప్పుడు, రెండు దెబ్బలు, ఆగి ఒకటి, ఆ ఇంట్లో వినపడలేదు. సోమవారం మళ్ళీ అదే గొట్టం పక్కన డ్యూటీ.

"మీ బిళ్ళల్ని నేను నమ్మనే," అన్నాడు పొద్దున, ఎడమచేత్తో గుండీలు పెట్టుకుంటూ. 

కొత్తవి బిస్మత్ టైటనేట్ బిళ్ళలు. సీసం ఉండదు, ఐదువందల డిగ్రీల్లోనూ చెవి పోదట. కానీ ఆ బిస్మత్ లోహం ఉందే, ఒట్టి నిలకడలేని ఘటం! కొలిమి బాగా కాగిందంటే ఆవిరై జారుకుంటుంది. మొదటి విడత అలాగే పాడైంది. ఈసారి ఆమె బిస్మత్ కాస్త ఎక్కువే కలిపి, బిళ్ళల్ని అదే పొడిలో పాతి మూత బిగించింది. తనవాళ్ళ మధ్య ఉంటే ఎక్కడికి పోతుందిలే అనుకుంది. కాలినవాటికి వెండి పూసి, వేడి నూనెలో ముంచి గట్టి కరెంటు పెట్టింది. లోపల తలోవైపు చూసే కణాలు ఒకేవైపు తిరిగితేనే బిళ్ళ పలుకుతుంది.

మధ్యాహ్నం పరీక్ష. కడ్డీ చివర బిళ్ళ బిగించి కొలిమిలోకి దూర్చారు. రెండో చివర బయటికి ఉంది; దాన్ని తడితే బిళ్ళ పలికి తెరమీద గీత ఎగరాలి. పక్కగదిలో తెర ముందు కూర్చున్న ఆమెకు వెచ్చదనానికి కళ్ళు మూతలుపడ్డాయి.

కలలో ఆమె బిళ్ళ లోపలికి నడిచి వెళ్ళింది. పేర్చిన దుప్పట్లలా పొరల మీద పొరలు. పొరల మధ్య జనం, అందరూ ఒకేవైపు తిరిగి నిలబడ్డారు. ఎండ ముదిరింది. ఒక్కొక్కరే మెల్లగా ముఖం తిప్పుకుంటున్నారు. "తిరగకండర్రా, మా ఆయన వస్తాడు!" అని అరిచింది.

ఉలిక్కిపడి లేచింది. ఐదువందల నాలుగు డిగ్రీలు. తెరమీద గీత కదలకుండా ఉంది. కడ్డీని తట్టాల్సిన మేస్త్రీ భోజనానికి వెళ్ళాడు. తనే వెళ్ళి తట్టొచ్చు. పలక్కపోతే?

అంతలో గీత ఎగిరింది. రెండుసార్లు. ఆగి, ఒకసారి.

అలా తట్టేవాడు ఆమెకు తెలిసి ఒక్కడే. పరుగెత్తింది. కడ్డీ దగ్గర ఆయన, పరీక్ష తన కళ్ళతో చూద్దామని వచ్చినట్టున్నాడు; కాలిన చెయ్యి ఇంకా దించలేదు.

"నమ్మనన్నారుగా?"

"వినపడిందా లేదా, అది చెప్పవే."

"వినపడింది," అంది. ఏడుపు ఆగలేదు. "సోమవారం కూడా వినపడుతుంది. వెళ్ళి రండి."