ఆగని వేలంపాట

పన్నెండు రోజుల కంప్యూటర్ శిక్షణ అయిపోయింది. ఇక మిగిలింది ఒక్క డెమో పాఠం. అందులో రోజారమణి తప్పిందంటే, మల్కాపురం హైస్కూల్లో మొన్ననే అట్టపెట్టెల్లోంచి తీసిన ఇరవై కంప్యూటర్లూ పరవాడ వైపు ఇంకో బడికి వెళ్ళిపోతాయి. నేర్పే టీచరు లేని చోట వాటికేం పని అని పైవాళ్ళ లెక్క. ఇరవై రెండేళ్ళుగా సోషల్ చెబుతున్న మనిషిని పట్టుకొచ్చి ప్రోగ్రాములు నేర్పమంటే ఎలాగన్నది మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు.

వెనక బెంచీలో పరీక్షాధికారి దేవీప్రసాద్ ఒళ్ళో ఫారం పెట్టుకుని కూర్చున్నాడు. పిల్లల ముందు ప్రోగ్రాం ఒక్క తప్పూ లేకుండా నడవాలి, లేదంటే ఫెయిల్. మనిషి చెడ్డవాడు కాదు గానీ ఫారం దాటి అడుగు వెయ్యడు.

శిక్షణలో ఇచ్చిన ప్రోగ్రాముల్ని మిగతా టీచర్లు పద్యాల్లా బట్టీపట్టి ఒప్పజెప్పేశారు. రోజారమణికే ఎందుకో పౌరుషం వచ్చింది. జాలరిపేటలో పుట్టి పెరిగిన మనిషి కదా, ఒడ్డున జరిగే చేపల వేలాన్నే ప్రోగ్రాముగా రాసుకొచ్చింది. కంప్యూటర్ పాట ఎంతని అడగాలి, పెద్ద పాటను గుర్తుపెట్టుకోవాలి, చివరికి బుట్ట ఎవరిదో చెప్పాలి.

తొమ్మిదో తరగతి పిల్లలు ఎగబడి పాడారు. మూడొందలు, నాలుగొందలు, ఐదొందల యాభై. అక్కడితో అందరూ ఊరుకున్నారు. కంప్యూటర్ ఊరుకోలేదు. "పాట ఎంత?" అంది. పాడేవాళ్ళు లేరని సున్నా కొడితే మళ్ళీ "పాట ఎంత?"

పిల్లలు నవ్వారు. రోజారమణి పక్కకి చూసింది. గోడ మీది మెయిన్ స్విచ్చి చేతికందే దూరంలోనే ఉంది. కట్టేసి, కరెంటు పోయిందంటే ఎవరడుగుతారు? చెయ్యి లేవబోయింది కూడా.

"ఏటి టీచర్, ఆగదా ఇది?" అంది ముందు బెంచీలోని రాధ.

"ఉండవే. మీ అమ్మ సేపలు కొనడానికి ఏలానికెల్తాది కదా. అక్కడ పాట ఎప్పుడాగుతాది?"

"ఎవులూ పాడకపోతే బుట్ట మీద సెయ్యేసేత్తారు. అయిపోతాది."

అయిపోయిందని నోటితో ఎవరూ అనరు, అందరికీ తెలుసు కాబట్టి. అక్కడే దొరికింది తప్పు. చిన్నప్పటి నుంచి చూస్తున్న వేలంలో ఆగడమన్నది వేరే చెప్పాల్సిన సంగతని ఆమెకు తట్టనే లేదు. ఒక్క వరుస చేర్చింది, సున్నా వస్తే ఆపెయ్యమని. ఈసారి కంప్యూటర్ ఆగింది. బుట్ట ఐదొందల యాభై పాడిన రాధదైంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

దేవీప్రసాద్ లేచి ముందుకొచ్చాడు. "మొదట్లో ఆ తప్పు కావాలనే పెట్టారు కదా మేడం? పిల్లల చేత పట్టించడానికి?"

రోజారమణి ఒక్క క్షణం ఇరవై కంప్యూటర్ల వంక చూసింది. "అవునండి," అంది.

అతను 'పాస్' అని రాసి, మిగతా గళ్ళు నింపుకోవడానికి వెనక్కి వెళ్ళాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో రాధని పిలిచి చిన్న ప్రోగ్రాం రాయమంది. రాసి నడపగానే తెర మీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి.

"ఏం తప్పు సేసావో సూడవే."

రాధ తొణక్కుండా చెప్పింది. "తప్పు కాదు టీచర్. కావాలనే పెట్టాను."

చెంప ఛెళ్ళుమన్నట్టయింది రోజారమణికి. తిడదామంటే సిగ్గేసింది. దగ్గరికెళ్ళి రాధ పక్కనే కూర్చుంది.

"నాను కావాలని సెయ్యలేదే. నాకు తెలీకే తప్పయింది. నీకూ అంతే. రా, ఇద్దరం ఎతుకుదాం."

ఫారం నింపేసి గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న దేవీప్రసాద్ ఆగిపోయాడు. తల తిప్పకుండానే, "ఏదో అన్నట్టున్నారు మేడం. నాకు సరిగా వినపడలేదు," అన్నాడు.

అతను తప్పించుకునే దారి వదులుతున్నాడని ఆమెకు అర్థమైంది. ఏం లేదండి అంటే చాలు, కంప్యూటర్లు ఇక్కడే ఉంటాయి. రాధ కళ్ళార్పకుండా తననే చూస్తోంది.

రోజారమణికి భయమేసింది. ఆ భయంతోనే లేచి నిలబడి, అదే మాట మళ్ళీ గట్టిగా చెప్పింది.