ఇన్నమ్మక్క పాలు

నా పాలు ఎండిపోయి బిడ్డ నా చేతుల్లోనే ఆకలికి పోతాడేమోనని నా భయం. అంతకంటే పెద్ద భయం నాకు లేదు.

ఆ రోజు పొద్దున ముసునూరు మామిడి తోటలో, పాక కింద, కాయలు తుడుస్తున్నాం. తొడిమ దగ్గర కారిన సొన తుడిచి, మంచి కాయ ఒక పక్కకి, దెబ్బ తగిలింది ఇంకో పక్కకి వెయ్యాలి. గుడ్డ దొరక్క నేను కొంగుతోనే తుడుస్తున్నాను. నా పక్కన ఇన్నమ్మక్క. పొడుగు మనిషి. మెడ ఎముకలు పైకి కనిపిస్తాయి. ముంజేతుల నిండా సొన కాల్చిన పాత మచ్చలు. ఆమె కాయ కింద పెడితే చప్పుడుండదు. కూలి గుంపుతో ఏ తోటకి పంపితే ఆ తోటకి పోతుంది. ఏ ఊరక్కా అంటే, "ఈ యేటికి ఇదే," అంటుంది.

పిల్లాడు ఏడిస్తే ఒళ్ళోకి తీసుకున్నాను. నోరు పెట్టాడు, వెంటనే వదిలేసి గుక్కపట్టాడు. పనిలోకి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఇంటి దగ్గర కాస్త తాగుతాడు, తోటలో ముట్టడు. పాలు పల్చబడ్డాయి, నీళ్ళు తగ్గించమంది మా అత్త. నీళ్ళు బాగా తాగమంది నర్సమ్మ. రేడియోలో ఆవిడెవరో ఇంకోటేదో చెప్పింది. పక్కింటావిడ డబ్బా పాలు పట్టెయ్యమంది. రొమ్ము తుడిచి ఇమ్మని మాత్రం అందరూ అన్నారు. అందుకే ప్రతిసారీ కొంగుతో గట్టిగా తుడిచి మరీ ఇస్తున్నాను. నన్ను ఏడో తరగతిలో బడి మాన్పించారు. ఇంకాస్త చదివుంటే ఎవరి మాట వినాలో తెలిసేదేమో.

"నీ కొడుక్కి చిన్నరసాలు కావాలేమోనే," అంది గంపలు సర్దే సరోజ. అందరూ నవ్వారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఇన్నమ్మక్క లేచి, చేతులకి నూనె రుద్దుకుని సబ్బుతో కడుక్కొచ్చింది. "ఇటియ్యి," అని పిల్లాణ్ణి తీసుకుని, అటు తిరిగి రవిక ముడి విప్పింది. లోపల గుడ్డతో బిగించి కట్టుకున్న మల్లెపూలు, వాడి గోధుమరంగుకి తిరిగినవి, ఒళ్ళో రాలాయి. బిడ్డ పోయిన తల్లికి పాలు ఆగాలని అలా కడతారు. ఆమెకో బిడ్డ పుట్టిందనే మాకెవరికీ తెలీదు. సరోజ తల వంచుకుని గంపలో గడ్డి సర్దుకుంది.

వాడు గుటకలు వేస్తున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే వాణ్ణి లాగేసుకోవాలనిపించింది. ఎందుకో ఇప్పటికీ తెలీదు.

"బాబా, పాపా అక్కా?"

"పాప. ఉగాది ముందు పోయింది." వాడి పెదవి మీద వేలు పెట్టి చూసింది. "ఇక్కడ పొక్కిందే పిల్లా. నీ కొంగు వాసన చూసుకో."

చూసుకున్నాను. సొన వాసన. శుభ్రం అనుకుంటూ తుడిచిన ప్రతిసారీ పూసింది నేనే.

"కడుక్కుని నువ్వే ఇయ్యి. చివర మాత్రం అందిస్తే చాలదు, నల్లదంతా నోట్లోకి పోవాలి. అడిగినప్పుడల్లా ఇయ్యి. తాగేకొద్దీ వస్తాయి."

"మరి నీకు?"

ఆమె రాలిన పూలు ఏరుకుంటోంది.

మధ్యాహ్నం వాడు నా దగ్గరే తాగి నిద్రపోయాడు. సాయంత్రం మేస్త్రీ పున్నయ్య గుంపుని లారీ ఎక్కమన్నాడు. ఇక్కడ కోత అయిపోయింది, జి. కొండూరు అవతల ఇంకో తోట ఉందన్నాడు. ఇన్నమ్మక్క రెండు చేతులూ గుండెలకి అడ్డం పెట్టుకుని, చివర్న కూర్చుంది. లారీ పోయాక చూస్తే పాక వాసానికి ఆమె ఉతికి ఆరేసిన రవిక ఉండిపోయింది. ముందువైపు పాల మరకలు రెండూ పోలేదు.

ఆగిపోతున్న పాలని మావాడు మళ్ళీ రప్పించాడేమో. అక్కడ తాగే బిడ్డ లేదు. పాలు గడ్డకడితే జ్వరం వస్తుందని నర్సమ్మ అనగా విన్నాను. మీలో ఎవరైనా ఆ వైపు వెళితే, కాయలు తుడిచే వాళ్ళలో పొడుగ్గా ఉండే ఇన్నమ్మ ఎవరని అడగండి. ఒళ్ళు వెచ్చగా ఉందేమో చూడండి. రవిక నా దగ్గర భద్రంగా ఉందని చెప్పండి.