మూడో వరుసలో తాత పేరు

ఆ రెండో వరుసలో ఒక దీర్ఘం ఎగిరిపోయింది, రాయి మీద చెక్కే ముందు ఎవరైనా ఒక్కసారి చదివి చూడకూడదా, కాగితం మీద తప్పయితే రేపటికి పొట్లం కట్టేస్తారు, రాయి మీద తప్పు ఎక్కడికి పోతుంది, ముప్పై నాలుగేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన కళ్ళు కదా నావి, ఏం చూసినా ముందు తప్పే కనిపిస్తుంది, పోయినవాడెలాగూ వచ్చి అడగడని ధీమా కాబోలు, మునిసిపల్ ఆఫీసు ప్రహరీకీ బస్టాపుకీ మధ్య మిగిలిన జాగాలో నిలబెట్టారు యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లున్న ఈ స్తంభాన్ని, చుట్టూ గొలుసు, గొలుసు మీద ఎవరిదో తడి తువ్వాలు, కింద పీఠానికి పది రోజుల్లో లెక్కలు నేర్పుతామనే ట్యూషన్ వాళ్ళ కాగితం, పావురాలు తమ వంతు నివాళి తాము పైనుంచే అర్పించాయి, మా అన్నయ్య మాత్రం దాని ముందు ఛాతీ విరుచుకుని, ఇస్త్రీ చొక్కా నలగకుండా మోచేతులు పక్కలకి ఆనించకుండా నిలబడ్డాడు, చెల్లాయ్, నువ్వు పైనుంచి చదువు, నేను కిందినుంచి చదువుతా, మధ్యలో ఎక్కడో దొరుకుతాడు మన చిన్నతాత అంటున్నాడు, దొరకడానికి ఆయనేమన్నా బస్సులో మర్చిపోయిన గొడుగా, జీవితమంతా తూనికలు కొలతల శాఖలో దుకాణాల తూకపురాళ్ళు పట్టుకుని బరువు చూసిన మనిషి, రిటైరయ్యాక వంశం బరువు చూడటం మొదలుపెట్టాడు, గోడంత కాగితం మీద వంశవృక్షం గీసి, కొమ్మకొమ్మకీ మనుషుల్ని వేలాడదీసి, ఇప్పుడు మా వంశ వీరగాథ అని పుస్తకం వేస్తాడట, ప్రూఫులు నేను చూడాలట, ఊరికే, ఇంటిమనిషివి కదా అంటాడు, బొద్దింక కనిపిస్తే వదినని కేకేసి మంచం ఎక్కే ఈయనగారిది వీరవంశం.

చిన్నతాత అంటే మా తాత తమ్ముడు, పందొమ్మిదేళ్ళకి యుద్ధానికి పోయి తిరిగి రానివాడు, మా ఇంట్లో ఆయన ఫోటో ఉండేది, మీసం ఇంకా సరిగా రాని మొహం, చెవులు డొప్పల్లా ఉండేవి, ఆ చెవుల్లో కూడా నాన్నకి శౌర్యమే కనిపించేది, మా బాబాయి సింహం, మా నాన్న తలుపు చాటు మనిషి అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు, కన్నతండ్రి పక్క గదిలో కూర్చుని అంతా వింటున్నా సరే, అన్నయ్యకి పెట్టింది కూడా చిన్నతాత పేరే, తాతే పట్టుబట్టి పెట్టించాడు, పేరుతో పాటు ధైర్యం కూడా వస్తుందనుకున్నారేమో పాపం, ఇక తాతంటే తాళాలు బాగుచేసుకునే మనిషి, కిటికీ కింద బల్ల, బల్ల మీద ఆకురాయి, ఇనుప రజను, గుమ్మంలో పోలీసు టోపీ కనిపిస్తే చాలు లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు, తమ్ముణ్ణి యుద్ధానికి పంపి ఇంట్లో దాక్కున్నాడనీ, ఈ ఊళ్ళో పదిమందిలో తలెత్తుకోలేక నానమ్మని తీసుకుని రెండు గంటల దూరంలో వేరే ఊరు పారిపోయాడనీ మా ఇంట్లో అందరికీ తెలుసు, నాకు పదేళ్ళప్పుడు ఒకసారి ఎదురుగా నిలబడి అడిగాను, నువ్వెందుకు పోలేదు తాతా, భయమా అని, తాళంచెవి అరగదీస్తూ తల కూడా ఎత్తకుండా, అవునమ్మా, భయమే అన్నాడు, కనీసం అబద్ధమైనా ఆడలేని మనిషి, కాలు బాగాలేదనో కళ్ళు కనపడవనో అంటే ఏం పోయింది, మర్నాడు బడిలో ఆ మాట చెప్పి అందరినీ నవ్వించాను, చాలా బాగా వచ్చింది నాకు ఆయన గొంతు, అవునమ్మా, భయమే.

పైనుంచి చదివాను, చిన్నతాత లేడు, అన్నయ్య కిందినుంచి చదివాడు, లేడు, చోట్లు మార్చుకుని మళ్ళీ చదివాం, ఈలోపు తువ్వాలు తాలూకు మనిషి వచ్చి, అది ఆరిందో లేదో చూసుకుని, మమ్మల్ని కూడా ఒకసారి చూసుకుని వెళ్ళాడు, అప్పుడు కనిపించింది, మూడో వరుసలో, పైనుంచి ఏడోది, తాత పేరు, ఇంటిపేరుతో సహా, ముత్తాత పేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా, తమ్ముడిది కాదు, మా తాళాల తాతది, నేను కాలేజీలో చదివేటప్పుడు డెబ్బై ఎనిమిదో ఏట దగ్గి దగ్గి మంచంలో పోయినాయనది, అన్నయ్య మొహం కందగడ్డయింది, చూశావా ఎంత బుద్ధిలేని వెధవలో, పోయింది తమ్ముడైతే అన్న పేరు చెక్కారు, ఒక వీరుడి చోట ఒక పిరికివాడా, దీన్ని వదలను చెల్లాయ్, చెక్కినవాడి చేత్తోనే చెరిపిస్తా అన్నాడు, చెక్కినవాడు ఇంకా బతికి ఉంటాడని ఈయన నమ్మకం, యుద్ధమైపోయి ఎనభై ఏళ్ళు దాటింది, నాకు మాత్రం నవ్వాగలేదు, ఒక్క ముల్లు కూడా గుచ్చుకోనివ్వకుండా బతికిన తాత, వీరుల మధ్య సుఖంగా సర్దుకుని కూర్చున్నాడు, అక్కడ కూడా ఎవరో ఒకరి చాటునే.

మునిసిపల్ ఆఫీసులో గుమాస్తా టిఫిన్ డబ్బా మూత కడిగి కిటికీలో బోర్లిస్తున్నాడు, అన్నయ్య చెప్పిందంతా విని, అంటే మీ తాతగారు చనిపోలేదని ఇప్పుడు అర్జీ పెడతారా అన్నాడు, చనిపోయాడండీ, కానీ తర్వాత, మంచంలో అన్నాడు అన్నయ్య, ఎప్పుడో అప్పుడు పోయాడు కదండీ, రాయి కోరేది అంతే కదా అన్నాడు గుమాస్తా, ఆ మనిషి నాకు నచ్చాడు, ఫారం ఒకటి అన్నయ్యకిచ్చి, బీరువా అడుగునుంచి అట్ట ఊడిన రిజిస్టరు తీసి, దుమ్ము నా వైపే దులిపి, వేలు పెట్టి చూపించాడు, ఇదిగోనమ్మా మీరే చూసుకోండి, చూశాను, తాత పేరు, వయసు ముప్పై ఒకటి, పని తాళాల పని, ఇంటికొకరు చొప్పున వెళ్ళాలన్న పిలుపు అందింది ఆయన పేరు మీదే, భార్య అని నానమ్మ పేరు, పిల్లలు లేరు, వాళ్ళు తప్పు రాయలేదు, తప్పంటే ఒక అక్షరం అటో ఇటో పోవాలి, ఇక్కడ మనిషికి మనిషే మారిపోయాడు, పిలుపు వచ్చింది తాతకి, ఆ కాగితం జేబులో పెట్టుకుని, ముప్పై ఒక్కేళ్ళవాడి పేరు చెప్పుకుని, పందొమ్మిదేళ్ళ కుర్రాడు బండెక్కాడు, అన్న పేరు మీద కవాతు చేశాడు, అన్న పేరు మీద చచ్చిపోయాడు, చివరి గడిలో, మరణవార్త భార్యకి అందించడమైనది అని ఉంది, దాని కింద సంతకం, నానమ్మదే, నిలబడలేని ఆ పొట్ట అక్షరాలు నాకు తెలియవూ, మొగుడు పోయాడని రాసిన కాగితం మీద, మొగుడు లోపలి గదిలో ఊపిరి బిగబట్టుకుని ఉండగా, సంతకం చేసింది, ఆ పక్కన వేరే సిరాతో ఇంకో ముక్క, కుటుంబం ఈ చిరునామాలో లేదు.

సవరించవలసిందిగా, ఇందులో వ తర్వాత ఏముంటుంది చెల్లాయ్ అని అడుగుతున్నాడు అన్నయ్య ఫారం మీద వంగి, ఈయనకి ఎప్పుడూ అక్షరాల మీదే అనుమానం, అర్థం మీద ఎన్నడూ రాదు, ఆ మాట అనబోయి ఆగాను, నేనేం తక్కువ తిన్నాను, తాత పోయినప్పుడు మరణ ధ్రువపత్రం తెస్తానని నాన్న బయల్దేరితే నానమ్మ అడ్డం నిలబడి, ఒకసారి తీసుకున్నాం చాలు అంది, ముసలావిడకి మతి పోయిందిరా అన్నారందరూ, అవును అన్నదాన్ని నేనూ, ఇల్లు నానమ్మ పేర ఎందుకుందో, తాత ఎక్కడా ఎందుకు సంతకం పెట్టడో, ఏ ఆఫీసు మెట్లూ ఎందుకెక్కడో, అంతా పిరికితనం అనే ఒక్క మాటలో కుక్కేసి మూత పెట్టిన తెలివి నాది, ఎదుటివాడి తప్పులు దిద్ది బతికిన తెలివి, అన్నయ్యా, రాయడం ఆపు, ఇది చూడు అని రిజిస్టరు ఆయన ముందుకి జరిపాను, వేలు ఆనించి గడి గడీ చదివాడు, వయసు దగ్గర ఆగాడు, నానమ్మ సంతకం దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాడు, తాతే పంపాడంటావా, చిన్నతాతే పోతానన్నాడంటావా అని అడిగాడు, గొంతులో పుస్తకం లేదు, వీరగాథ లేదు, నాకేం తెలుసు అన్నయ్యా అన్నాను, చెప్పగలిగినవాళ్ళిద్దరూ పోయారు, ఫారం కావాలా, తిరిగి ఇచ్చేస్తారా అన్నాడు గుమాస్తా, వద్దండీ, అక్కడ ఉన్నదే సరి అన్నాడు అన్నయ్య.

బయట మెట్ల మీద కూర్చున్నాడు, చొక్కా నలుగుతుందన్న ధ్యాస లేదు, అయితే చిన్నతాత పేరు ఎక్కడా లేదన్నమాట అన్నాడు, రాయి మీదా లేదు, రిజిస్టర్లోనూ లేదు, నిజమే, తాత తమ్ముడి ప్రాణం ఒక్కటే కాదు, చావు కూడా తీసేసుకున్నాడు, అందుకే మేం ఏమన్నా పడ్డాడు, మా నాన్న నోటికి, నా నోటికి, మేం అన్నది చాలదన్నట్టు తల ఊపేవాడు కూడా, అవునమ్మా, భయమే, మా వెక్కిరింతలన్నీ కలిపినా ఆయన తన్ను తాను అనుకునే దాంట్లో పావు వంతు కూడా ఉండవు, కానీ పేరు ఎక్కడా లేదంటే మాత్రం, లేదు, ఒకచోట ఉండేది, తాత నోట్లో, రోజుకి ఎన్నిసార్లు పిలిచేవాడు అన్నయ్యని, బల్ల దగ్గర కూర్చునే, గొంతెత్తి, వీధి మొత్తానికి వినపడేలా, నన్ను మాత్రం ఏనాడూ పిలవడని కడుపుమంటగా ఉండేది, ఆడే ఆట మధ్యలో వదిలి అన్నయ్య పరుగెత్తుకొచ్చేవాడు, ఏంటి తాతా అని రొప్పుతూ, ఆకురాయి పక్కన పెట్టి, తల దగ్గర్నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి, ఏం లేదురా, పో అనేవాడు తాత, గంట తిరక్కుండా మళ్ళీ పిలుపు, మళ్ళీ ఏం లేదురా, పో, ముసలాయన చాదస్తం అని మేమిద్దరం పందెం వేసుకుని నవ్వేవాళ్ళం, నిజంగానే ఏం లేదు, ఏ పనీ లేదు, ఆ పేరు పెట్టి కేకేస్తే, ఆ పేరుగలవాడు ఒళ్ళంతా మట్టితో, ఏ దెబ్బా తగలకుండా, గుమ్మం దాటి ఇంట్లోకి పరుగెత్తుకుంటూ రావడం చూడటానికే పిలిచేవాడు.