సంత సూది

ఆసుపత్రిలో ప్రత్యేక వార్డు తలుపు గడియ పడేసరికి దేవరాజులు దగ్గర ఉన్నవి భుజం మీద తువ్వాలు, పశువుల బేరంలో పండిన తెలివి, మంచం మీద ఎగరొప్పుతున్న భార్య. తెలివి ఉంటే తక్కినవి దక్కుతాయనుకున్నాడు.

రెండు వేల తొమ్మిది, వానాకాలం. కుప్పంలో చెల్లెలి ఇంటికి పోయిన సుభద్రమ్మ స్వైన్ ఫ్లూతో పుంగనూరుకు తిరిగొచ్చింది. అక్కడ తగ్గక మదనపల్లె తెచ్చారు. వెంట ఉన్నందుకు అతన్నీ లోపలే పెట్టారు. వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోతానంటే, ఆక్సిజన్ తీస్తే దారిలోనే పోతుందన్నారు. సంతలో బేరం నచ్చకపోతే తువ్వాలు దులుపుకుని లేచిపోయే మనిషి. ఇక్కడ లేచి ఎక్కడికి పోతాడు? కిటికీలోంచి బస్టాండుకు పోయే ఆటోలు చూస్తూ కూర్చున్నాడు.

డాక్టర్ మెర్సీ వచ్చి మాస్కులోంచే చెప్పింది. "వైరస్ తగ్గుతాండాది అప్పా. దాన్ని తరమాల్సిన ఒంటి బలమే అదుపు తప్పి ఊపిరితిత్తుల్ని వాపెక్కిస్తాండాది. వాపు తగ్గించే పాత మందు ఒకటుండాది, ఉబ్బసానికీ కీళ్లకీ ఇచ్చేది. ఈ జబ్బుకు పనిచేస్తాదని గట్టిగా చెప్పలేను. చెడు కూడా చెయ్యొచ్చు. నువ్వు సరేనంటే ఇస్తా."

"పేరేంది?"

"డెక్సా."

దేవరాజులు ముఖం మాడిపోయింది. "ఆవులకేసే సూదా?"

"వాటికీ ఏస్తారు."

ఆ సూది సంగతి అతనికి బాగా తెలుసు. లేవలేక పడుకున్న గొడ్డుకు పొడిచి సంతకు తోలితే, ఆ పూటకు చెవులు నిక్కించి నిలబడుతుంది. కొన్నవాడి కొట్టంలో కూలిపోతుంది. అలాంటి గొడ్డును కళ్లు చూసే పసిగట్టేవాడు. ఒక్కటీ కొనలేదు.

"లేచి కూసున్నట్టు సూపించి ఇంటికి తోలేద్దామనా? నాకాడ ఆ బేరాలు సాగవమ్మా."

"యాడికి తోలేదప్పా, గడియేసిన వార్డులోంచి? కందిరీగలు కుట్టి దూడ గొంతు వాస్తే పశువుల డాక్టరు ఏమేస్తాడు?"

అతను మంచం వైపు తిరిగాడు. అదే వేస్తాడు. కుట్టిన విషం కన్నా వాపే ముందు ఊపిరి తీస్తుంది. ఆ సూదితో బతికిన దూడ పెరిగి అతని కొట్టంలోనే ఈనింది. సూది వేసినా చచ్చినదీ ఉంది.

సరేననడానికి నోరు రాలేదు. తువ్వాలు తీసి సుభద్రమ్మ చేతిమీద కప్పి, కింద తన చెయ్యి పెట్టాడు. సంతలో బేరం నోటితో చెయ్యరు. తువ్వాలు కింద వేళ్లే మాట్లాడతాయి. ఒప్పుకుంటే అరచెయ్యి అదుముతారు, లేదంటే విదిలిస్తారు. ఏళ్ల తరబడి పక్కన నిలబడి చూసిన ఆమెకు అది కొత్త కాదు.

"డాక్టరమ్మ మాట ఇంటివి గదా. నిలబెట్టొచ్చు, పడగొట్టొచ్చు. ఈ బేరం నీది."

మూతికి మాస్కు, మాట లేదు. తువ్వాలు కింద గోళ్లు దిగేట్టు అదిమింది.

"ఏసెయ్ తల్లీ," అన్నాడు.

ఆమె లేచి కూర్చున్న రోజు అతనికి సంతోషం కన్నా భయమే ఎక్కువైంది. సంత గొడ్డే గుర్తొచ్చి మాటిమాటికీ కళ్లు చూశాడు.

"ఏంది, పళ్లు కూడా సూస్తావా?" అంది సుభద్రమ్మ.

తర్వాత గడియ తీశారు. సూది నిలబెట్టిందా, ఒళ్లే తేరుకుందా అంటే మెర్సీ తేల్చి చెప్పలేనంది. దేవరాజులు లెక్క తేల్చుకున్నాడు. తెచ్చుకున్న తెలివిలో సగం ఆ వార్డులోనే పోయింది. దక్కింది, పాలు పితుకుతూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకునే సుభద్రమ్మ.